హోంవర్క్ దగ్గర రోజూ గొడవ: ఇంగ్లీష్ రాని తల్లి ఏం చేయగలదు?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేట్టు ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీరు ఉండేది అనంతపురం. బాబు ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం స్కూల్లో 7వ తరగతి, పాప 2వ తరగతి. మీరు పల్లెలో తెలుగు మీడియంలో పది దాకా చదివారు. మీ ఆయనకు పాతూరులో కిరాణా అంగడి, రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ ఇంటికి రారు. సాయంత్రం ఏడుకు పుస్తకాలు తెరిస్తే పది అయినా బాబు హోంవర్క్ తెమలడం లేదు. మీరు పక్కన కూర్చుంటేనే రాస్తాడు, లేచారంటే పెన్ను కింద పెడతాడు. స్లిప్ టెస్టుల్లో ఇరవైకి పదిహేడు, పద్దెనిమిది తెచ్చుకుంటాడు గానీ పెద్ద పరీక్షల్లో సగం కూడా రావడం లేదు. "నాకు ఇంగ్లీష్ రాదు, నేనేం చెప్పగలను, ట్యూషన్‌కు పంపమంటారా?" అని అడిగారు.

నేను లెక్కల మాస్టరును. ధర్మవరం, కళ్యాణదుర్గం వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చాలా ఏళ్లు పని చేసి అనంతపురంలో రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రమైతే మా వీధిలో పిల్లలు నోటుపుస్తకాలు పట్టుకొని వస్తూనే ఉంటారు. మీరు స్లిప్ టెస్టు మార్కుల సంగతి మాటవరసకు రాసినట్టున్నారు గానీ, అసలు మెలిక అక్కడే ఉంది. ముందు దాని గురించే చెబుతాను.

స్లిప్ టెస్టుకు సిలబస్ ఎంతుంటుంది? ఒక పాఠంలో నాలుగైదు ప్రశ్నలు. ముందురోజు రాత్రి మీ వాడు వాటిని పదేపదే చదువుతాడు. తెల్లారి స్కూలు బస్సులో ఇంకోసారి తిరగేస్తాడు. మొదటి పీరియడ్‌లో రాసేస్తాడు. మార్కులు వస్తాయి, వాడూ సంతోషం, మీరూ సంతోషం. రెండు నెలల తర్వాత పెద్ద పరీక్షలో అదే ప్రశ్న వస్తే ఎక్కడో చూసినట్టే ఉంటుంది, రాయబోతే మాత్రం రాదు. ఇది మీ వాడి ఒక్కడి సమస్య కాదు, బట్టీ చదువుతో వచ్చే మామూలు తంటా.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠాన్ని ఒక్కసారే చదివించి, తర్వాత కాగితం తీసేసి, గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాలాగి పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన పాఠానిదే పైచేయి: 81 శాతం గుర్తుంది, రెండోది 75 శాతం. వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివింది 42 శాతానికి పడిపోయింది, చూడకుండా రాసింది 56 శాతం నిలిచింది. మీ వాడి స్లిప్ టెస్టు ఆ ఐదు నిమిషాల పరీక్ష లాంటిదే. చదువుతున్నంతసేపు "అంతా వచ్చేసింది" అనిపిస్తుంది. వచ్చిందో లేదో పుస్తకం మూస్తే గానీ తెలియదు.

అంటే ఇంట్లో పిల్లోడికి కావలసింది పాఠం చెప్పే మనిషి కాదు, వాడు చెబుతుంటే వినే మనిషి. పాఠం స్కూల్లో ఎటూ చెబుతారు. ఇంట్లో వాడు పుస్తకం మూసి, తనకు తెలిసింది తన మాటల్లో ఇంకొకరికి చెప్పాలి. దానికి మీకు ఇంగ్లీష్ అక్కర్లేదు. నన్నడిగితే, రాకపోవడమే కాస్త మేలు. వచ్చిన తల్లిదండ్రులు ఏం చేస్తారంటే, పిల్లోడు ఒక్క క్షణం తడబడగానే జవాబు అందించేస్తారు. గుర్తు చేసుకునే కష్టమేదో వాళ్లే పడి, వాడికి లేకుండా చేస్తారు. మీకు ఆ అవకాశమే లేదు. "నాకు తెలీదురా, నువ్వే చెప్పాల" అని మీరంటే అది నిజం కూడా. వాడికి ఆ మాట నచ్చుతుంది. ఇంట్లో తాను పెద్దరికంగా చెప్పగలిగేది ఒకటుందని పిల్లలకు అనిపించడం చిన్న సంగతేమీ కాదు.

ధర్మవరంలో పని చేసేటప్పుడు నా క్లాసుల్లో ఎక్కువమంది మగ్గం ఇళ్ల పిల్లలే. నాన్న మగ్గం గుంతలో, అమ్మ పక్కన కండెలు చుట్టుకుంటూ. అక్షరం ముక్క రాని తల్లులు చాలామంది. ఇలాంటి కొన్ని ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు ఏ ప్రశ్న అడిగినా తడుముకోకుండా చెప్పేవాళ్లు. ఎట్లాగని విచారిస్తే పెద్ద రహస్యమేమీ లేదు. కండెలు చుట్టేటప్పుడు చేతులకు పని, చెవులకు ఖాళీ. ఆ తల్లులు "ఈ పొద్దు ఏం చెప్పినార్రా అయ్యవారు?" అని రోజూ అడిగేవాళ్లు. సరిగా అర్థం కాకపోతే "అదెట్లయితాది?" అనేవాళ్లు. మంచి టీచరు అడిగే ప్రశ్న కూడా అదే కదా. అట్లాగని ఆ ఇళ్లలో అన్నీ సవ్యంగా ఉండేవని చెప్పను. నాన్నకు జ్వరమొస్తే పిల్లోడు మగ్గం ఎక్కేవాడు, ఆ వారం బడికి రాడు. నేను చెప్పేది ఆ ఒక్క అలవాటు గురించే.

మీరు చేయాల్సింది ఇంతే. రాత అయ్యాక, అన్నానికి ముందో తర్వాతో, ఏదైనా ఒక సబ్జెక్టులో ఆ రోజు చెప్పిన పాఠం తెలుగులో చెప్పమనండి. పుస్తకం మూసి ఉండాలి. మీరు కూరగాయలు తరుగుతూ వినండి, పర్వాలేదు. సైన్సులో మొక్కలు ఆహారం తయారు చేసుకోవడం గురించి అనుకుందాం. "ఆకు వంట చేసుకుంటుందంటావు, దేంతో చేసుకుంటుంది? రాత్రిపూట ఎండ ఉండదు కదా, అప్పుడో?" అని అడగండి. వాడు ఆగిపోతే తొందరపడొద్దు, కొంచెంసేపు ఆలోచించనివ్వండి. అప్పటికీ రాకపోతే పుస్తకం తెరిచి చూసుకొని, మూసి, మళ్లీ చెప్పాలి. ఆ వెతుక్కున్న ముక్క ఇక మరిచిపోడు. ఏడెనిమిది నిమిషాలు చాలు. పోలీసు విచారణలా చేస్తే మాత్రం రెండో రోజే తప్పించుకు తిరుగుతాడు.

పరీక్ష ఇంగ్లీష్‌లో కదా, తెలుగులో చెప్పిస్తే ఏం లాభమని మీకు అనుమానం రావచ్చు. సంగతి తెలుగులో అర్థమైతే ఇంగ్లీష్‌లో రాయడానికి కావలసినవి ఆ పాఠంలోని ఓ పది ముఖ్యమైన మాటలు, నాలుగు వాక్యాలు. చెప్పడం అయ్యాక ఆ మాటల్ని చూడకుండా స్పెల్లింగ్‌తో ఒక కాగితం మీద రాయమనండి. సరిపోయాయో లేదో వాడే పుస్తకంతో పోల్చి టిక్ పెట్టుకుంటాడు. సంగతి అర్థం కాకుండా ఇంగ్లీష్ వాక్యాలు బట్టీ పట్టినవాడు ఒక మాట మరిచిపోతే చాలు, అక్కడే ఆగిపోతాడు.

మీరే పాఠం చదివి చూడాలనుకుంటే ఇంకో దారి ఉంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో 2020 తర్వాత ఇచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది. పక్కింట్లో ప్రభుత్వ బడికి పోయే పిల్లలెవరైనా ఉంటే ఓసారి అడిగి చూడండి. ఆ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా కూడా దొరుకుతాయి. మీ బాబు స్కూలు పుస్తకం వేరే అయినా 7వ తరగతి సైన్సు, సోషల్‌లో విషయాలు పెద్దగా మారవు. మీరు పది దాకా చదివారు, ఆ తెలుగు పేజీ మీకు బాగానే అర్థమవుతుంది.

చెప్పించిన పాఠాన్నే రెండు మూడు రోజులాగి ఒకసారి, మళ్లీ ఆదివారం ఒకసారి రెండేసి నిమిషాలు అడగండి. మరిచిపోయే సమయానికి మళ్లీ గుర్తు చేసుకుంటేనే అది గట్టిపడుతుంది. పెద్ద పరీక్ష ముందు రాత్రంతా కూర్చోబెట్టి చదివించే పని తప్పుతుంది.

ఇప్పుడు నా సబ్జెక్టుకు వస్తాను. లెక్కల్లో మీ ఇంట్లో మంచి గురువున్నాడు, మీరెవరూ గమనించినట్టు లేదు. మీ ఆయన. 7వ తరగతిలో శాతాలు, లాభనష్టాలు వస్తాయి. రోజంతా అంగట్లో ఆయన చేసేది అదే. కందిపప్పు కిలో 120కి కొని 132కి అమ్మితే లాభం ఎంత శాతం? పన్నెండు రూపాయలు లాభం, 120 మీద పది శాతం. పిల్లల్లో సగంమంది ఆ పన్నెండును 132తో భాగించి తొమ్మిది చిల్లర అని రాస్తారు. శాతం కొన్న ధర మీద కట్టాలని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా పట్టదు. ఆదివారం ఓ గంట అంగట్లో కూర్చుని, "పెట్టుబడి పెట్టింది దేనిమీదరా, 120 మీదనా 132 మీదనా?" అని వాళ్ల నాన్న అడిగితే పడుతుంది. ఆయన రాత్రి ఆలస్యంగా వస్తాడు కాబట్టి రోజువారీ హోంవర్క్‌లో ఆయన్ని ఇరికించొద్దు. వారానికోసారి అంగట్లో నాలుగు లెక్కలు, అదీ గల్లాపెట్టె దగ్గర నోటితో. ఆయన వాటా అది చాలు.

ఇంకొకటి, లెక్కలకు ఒక తప్పుల పుస్తకం పెట్టించండి. పాత నోటుబుక్కులో మిగిలిన తెల్లకాగితాలు చాలు. స్కూల్లో ఎర్ర గీత పడిన ప్రతి లెక్కనూ అందులో మళ్లీ చేయాలి, ఎక్కడ తప్పిందో పక్కన ఒక ముక్క రాయాలి. "మైనస్ మరిచినా", "హారం సమానం చేయలేదు", "ప్రశ్న సరిగా చదవలే" ఇట్లా. నెల తిరిగేసరికి వాడు చేసే తప్పులు ఓ మూడు నాలుగు రకాలేనని వాడికే కనబడుతుంది. పిల్లలు లెక్కల్లో వంద రకాలుగా తప్పు చేయరమ్మా. ఆ మూడింటినే మళ్లీ మళ్లీ చేస్తారు. పరీక్ష ముందు గైడు కొనడం కన్నా ఈ పుస్తకం తిరగేయడం మేలు.

మీకు లెక్కలంటే భయమని కూడా రాశారు. ఉంటే ఉండనివ్వండి, పిల్లోడి ముందు మాత్రం అనొద్దు. "నాకూ చిన్నప్పుడు లెక్కలొచ్చేవి కావు, వాడికీ నా పోలికే" అనే మాట మన ఇళ్లలో అందరి నోటా వస్తుంది. 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద జరిగిన ఒక పరిశోధనలో, లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ పక్కన కూర్చుని హోంవర్క్ చేయిస్తే పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారని తేలింది. సాయం చేయనిచోట ఆ నష్టం కనబడలేదు. కాబట్టి లెక్క తప్పు వచ్చిందా, తప్పుగానే స్కూలుకు పోనివ్వండి. ఎక్కడ తెలియలేదో టీచరుకు కనబడాలి. ఇంట్లో దిద్ది పంపిన నోటుబుక్కు చూస్తే మాకు క్లాసంతా వచ్చేసినట్టే ఉంటుంది. ప్రాజెక్టు చార్టుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మ చేతిరాతేదో, స్టేషనరీ అంగట్లో కొన్నదేదో టీచర్లకు చూడగానే తెలుస్తుంది. తెలిసీ మార్కులు వేసేస్తాం, అది మా వైపు లోపం.

ఇక మూడు గంటల సంగతి. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం 2వ తరగతి దాకా హోంవర్కే ఉండకూడదు. 3 నుంచి 5 దాకా వారం మొత్తానికి రెండు గంటలు. 6, 7, 8 తరగతులకు రోజుకు గంట మించకూడదు. 9వ తరగతి నుంచి రెండు గంటలు. మీ వాడికి మూడు గంటలు పడుతోందంటే స్కూలు ఎక్కువ ఇస్తోందో, ఇంట్లో సమయం కారిపోతోందో తేల్చుకోవాలి. ఒక్క వారం పాటు చిన్న కాగితం మీద రాసి పెట్టండి. ఏ సబ్జెక్టు ఎన్నింటికి మొదలుపెట్టాడు, ఎన్నింటికి ముగించాడు, మధ్యలో ఎందుకు లేచాడు. వాడిని ఏమీ అనకుండా, ఊరికే రాయండి. చాలా ఇళ్లలో తేలేదేమంటే అసలు రాసేది గంటో గంటంబావో, మిగిలింది పెన్సిల్ చెక్కడం, నీళ్లు తాగడం, చెల్లెలితో తగువు, హాల్లో సీరియల్ వైపు చెవి.

మీరు రాయలేదు గానీ, ఇంట్లో అత్తగారు ఉన్నారన్నారు కాబట్టి సాయంత్రం టీవీ నడుస్తుందనే అనుకుంటున్నాను. ఆవిడకు ఉన్న కాలక్షేపం అదొక్కటే, ఆపమంటే ఇంట్లో ఇంకో గొడవ. దానికన్నా వాడి సమయాన్నే ముందుకు జరపండి. స్కూలు నుంచి ఐదుకు వస్తాడనుకుంటే, రాగానే కడుపుకు ఏదైనా పెట్టండి. బొరుగులో, వేయించిన చెనక్కాయలో, పొద్దుటి చిత్రాన్నమో. తర్వాత ఓ ముక్కాలు గంట ఆట. వీధిలో క్రికెట్టు ఆడితే చదువు పాడైపోతుందనేది వట్టి మాట. పొద్దున్నుంచి బెంచీ మీద కూర్చున్న పిల్లోడు ఒళ్లు కదపకుండా మళ్లీ కూర్చోలేడు. ఆరుంబావుకు మొదలుపెడితే అసలు సీరియళ్ల జోరు అందుకునేలోపు సగం రాత అయిపోతుంది. మిగతా సగానికి లోపలి గదో, ఎండాకాలమైతే మిద్దె మీద లైటు కిందో. చోటు మాత్రం రోజూ మారకూడదు. కష్టమైన సబ్జెక్టు ముందు, కాపీ రాత చివర. పిల్లలు దీన్ని తలకిందులు చేస్తారు, తేలికైన రాత ముందు ముగించి, లెక్కలు నిద్ర ముంచుకొచ్చే వేళకు ఉంచుకుంటారు. అరగంటకోసారి ఐదు నిమిషాలు లేవనివ్వండి.

తెల్లవారుజామున నాలుగుకు లేపి చదివించమని మీ ఆడపడుచు చెప్పారన్నారు. పొద్దున చదివితే బుర్రకెక్కుతుందనేది మనవాళ్ల నమ్మకం. రాత్రి తొందరగా పడుకున్నవాడికి అది నిజం కూడా. పదకొండుకు పడుకున్నవాడిని నాలుగుకు లేపితే మాత్రం వాడు క్లాసులో కూర్చునే నిద్రపోతాడు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటితే 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. ఆరింటికి లేవాలంటే తొమ్మిదికి పడకెక్కాలి. తొమ్మిదికి హోంవర్క్ ఎంతవరకు అయితే అంతవరకే. మిగిలింది మిగలనివ్వండి, రేపు టీచరుకు వాడే చెప్పుకోవాలి. నాన్నను చూశాకే పడుకుంటానని మొండికేస్తే శని, ఆదివారాలు ఆ ముచ్చట తీర్చండి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఈ లెక్కంతా మారుతుంది. మన అనంతపురం ఎండలకు మధ్యాహ్నం పుస్తకం పట్టుకోమనడం దండగ. అప్పుడు తిని ఒక నిద్ర తీయనిచ్చి, పొద్దు వాలాక కూర్చోబెట్టండి.

వారం రాసిన కాగితం చూశాక, మీ వాడు నిజంగానే రెండున్నర, మూడు గంటలు వంచిన తల ఎత్తకుండా రాస్తున్నాడని తేలితే, అది స్కూలుతో మాట్లాడాల్సిన విషయం. చాలాసార్లు ఏం జరుగుతుందంటే, ఒక్కో సబ్జెక్టు టీచరు అరగంట పనే ఇస్తారు. ఆరుగురూ ఒకేరోజు ఇచ్చారని ఆ ఆరుగురిలో ఎవరికీ తెలియదు. ఆ కాగితం తీసుకొని క్లాస్ టీచరును కలవండి. పేరెంట్స్ మీటింగ్ రోజు రద్దీలో వద్దు, మామూలు రోజు స్కూలు వదిలాక. "ఎక్కువిస్తున్నారు" అంటే వాళ్లు గట్టిపడతారు. "సారూ, మా వాడు ఇట్లా రాస్తున్నాడు, ఇందులో ఏది తగ్గించొచ్చు?" అంటే కాగితం చూసి వాళ్లే చెబుతారు. అప్పుడే ఇంకో మాట కూడా అడగండి: క్లాసులో వాడు డౌట్లు అడుగుతాడా, ఊరికే కూర్చుంటాడా అని. మార్కులు ప్రోగ్రెస్ కార్డులో ఎటూ ఉంటాయి, ఇది అందులో ఉండదు.

మీరు లేస్తే వాడూ లేస్తాడన్న దానికి, ఒక్కరోజులో మాన్పించలేరు. కొన్నాళ్లు అదే గదిలో ఉండండి గానీ వాడి నోటుబుక్కు చూడకుండా మీ పని ఏదైనా చేసుకోండి. బట్టలు మడతపెట్టడమో, పేపరు చదవడమో. తర్వాత వంటింట్లోంచి పలికేంత దూరం జరగండి. ఆపైన మొదలుపెట్టేటప్పుడు "ఈ పొద్దు ఏమేం ఉన్నాయి?" అని ఒకసారి, ముగిశాక డైరీ చూసి ఒకసారి. మధ్యలో అక్కర్లేదు. కొన్ని రోజులు హోంవర్క్ సగంలో ఆగిపోతుంది, స్కూల్లో నిలబెడతారు. మీకు బాధగా ఉంటుంది, కాస్త ఓర్చుకోండి. హోంవర్క్ తనదేనని వాడికి తెలిసే రోజులవి. నెలా రెండు నెలలు పడుతుంది.

ఫోను. హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు కాబట్టి ఫోను ఇవ్వక తప్పడం లేదన్నారు. తప్పుతుంది. అది మీ ఫోను, మెసేజ్ మీకు వస్తుంది. మీ ముందే చూసి డైరీలో రాసుకొని ఫోను మీకిచ్చేయాలి. ప్రశ్న ఫోటో తీస్తే జవాబిచ్చే యాప్‌లు, ఏఐ ఇప్పుడు పిల్లలందరికీ తెలుసు. వాటిని పూర్తిగా మూయించమని నేను చెప్పను, నేనే వాడుతుంటాను. ముందు తాను చేయాలి, తర్వాత సరిచూసుకోవడానికి మాత్రమే, అదీ మీ ఎదురుగా. చూశాక ఫోను పక్కన పెట్టి ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి చేసి చూపించాలి. చూపించలేకపోతే అది కాపీ కిందే లెక్క.

మెచ్చుకోలు గురించి ఒక్క మాట. "మా వాడు భలే తెలివైనోడు" అని అందరి ముందూ అనడం మనకు ముద్దు. 1998లో ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి పిల్లల మీద చూసిందేమంటే, తెలివిని పొగిడించుకున్న పిల్లలు ఆ తర్వాత తేలికైన పనే ఎంచుకున్నారు. ఒకసారి తప్పగానే డీలా పడ్డారు. కష్టపడ్డావని మెచ్చుకున్నవాళ్లు కష్టమైనదాన్నే ఎంచుకున్నారు. అందుకని చూసి చెప్పండి. "నిన్న ఆ లెక్క కాలేదు, ఈ పొద్దు మూడుసార్లు చేసి సాధించినావు" అంటే అది వాడికి నిజంగా పనికొచ్చే మాట. పక్కింటి పిల్లోడి మార్కులు మాత్రం ఇంట్లో ఎత్తనే ఎత్తొద్దు.

ట్యూషన్ గురించి చివరకు మిగిల్చాను, ఎందుకంటే ముందు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయాలి. పాప తెలుగు వాచకం, 2వ తరగతిది, అందులో ఒక పేజీ బాబును గట్టిగా చదవమనండి. తర్వాత ఇంగ్లీష్‌లో తేలికైన ఒక పేరా. తర్వాత మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి, 749ని 6తో అనుకోండి. పన్నెండో ఎక్కం అడగండి. దేశమంతా పిల్లల చదువును లెక్కగట్టే అసర్ సర్వేలోనూ దాదాపు ఇలాంటివే అడుగుతారు. ఇవన్నీ తడబడకుండా చేస్తే ట్యూషన్ అక్కర్లేదు, ఆ గంట నిద్రకో ఆటకో ఇవ్వండి. భాగహారంలోనో చదవడంలోనో తడబడ్డాడంటే, ఇన్నాళ్లూ మీరు బద్ధకం అనుకున్నది బద్ధకం కాదు. రాక చేయడం లేదు. అప్పుడు ట్యూషన్ పెట్టొచ్చు, కానీ రోజువారీ హోంవర్క్ చేయించి పంపే ట్యూషన్ వద్దు. నాలుగు, ఐదు తరగతుల లెక్కల నుంచి మళ్లీ చెప్పే ఓపిక ఉన్నవాళ్లను చూడండి. పెద్ద బోర్డు ఉన్న చోట ముప్పైమందిలో ఒకడిగా కూర్చుంటే ఆ పని జరగదు. మీ వీధిలో డిగ్రీ చదివే అమ్మాయో అబ్బాయో, నలుగురైదుగురికి చెప్పేవాళ్లు మేలు.

దాంతోపాటు కళ్లు కూడా చూపించండి. బోర్డు కనబడక పక్కవాడి నోటుబుక్కులో చూసి రాసేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు, అడిగితే చెప్పరు. మన సర్వజన ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. నోటితో గడగడా చెప్పేవాడు చదవడం, రాయడం దగ్గరే అక్షరాలు తారుమారు చేస్తూ ఏళ్ల తరబడి ఇబ్బంది పడుతుంటే పిల్లల డాక్టరుతో మాట్లాడండి. అలాంటి అభ్యసన వైకల్యాలను 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. మీరు రాసిన దాన్ని బట్టి మీ వాడికి అదేమీ ఉన్నట్టు లేదు.

పాప సంగతి అడిగారు, ఇప్పటి నుంచే రాయించాలా అని. పైన చెప్పినట్టు 2వ తరగతికి హోంవర్క్ ఉండకూడదనే నియమం. స్కూలు ఇస్తే చేతనైనంత రాయనివ్వండి, నిద్ర మానిపించి వద్దు. ఆ వయసుకు కావలసింది రోజూ కాసేపు గట్టిగా చదవడం, ఎక్కాలు, పొడుపుకథలు, ఏదైనా కథ వినడం. ఆ పని అవ్వకు అప్పగించండి. సీరియల్‌లో ప్రకటనలు వచ్చినప్పుడు పాప ఒక పేజీ చదివి వినిపించొచ్చు. అవ్వకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, బొమ్మ చూసి "ఇదేంది, చెప్పు" అంటే చాలు.

వారం కాగితం రాశాక ఏం తేలిందో ఇక్కడే పెట్టండి. ఆ భాగహారం ఎట్లా చేశాడో కూడా రాయండి, ఏ మెట్టు దగ్గర ఆగాడో చూసి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.